గంటకు ఎన్ని మిల్లీమీటర్లు

తొమ్మిదీ పదికి గొట్టాన్ని స్టాండులో నిలబెట్టి, పైనున్న మర బిగించి, గోడ గడియారం చూసి, కాగితం ముక్క మీద టైము వేసుకుంది. ముప్పై మూడేళ్ళుగా ఈ ల్యాబులో వేల మంది రక్తం ఇదే బల్ల మీద ఇలాగే నిలబెట్టింది కానీ, తన రక్తాన్ని నిలబెట్టడం ఇదే మొదలు. డ్యూటీ దిగి వెళ్ళిపోతున్న నర్సును ఆపి చెయ్యి చాపితే, ఆవిడ రెండు మిల్లీలీటర్లు తీసిచ్చి, ఏమిటి సంగతి అని అడిగింది. తర్వాత చెబుతానంది. ఇప్పుడు గంటసేపు చేసేదేమీ లేదు. ఈ పరీక్ష తీరే అంత. సన్నటి గాజు గొట్టంలోకి సున్నా గీత దాకా రక్తం పీల్చి, నిటారుగా నిలబెట్టి వదిలేయాలి. ఎర్రకణాలు తమ బరువుకి తామే కిందికి దిగుతాయి, పైన లేత పసుపు నీరు మిగులుతుంది, గంట తర్వాత ఆ నీటి ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లో చదవాలి. ఒంట్లో గొడవేమీ లేకపోతే కణాలు విడివిడిగా, తీరుబడిగా దిగుతాయి. లోపల ఎక్కడో వాపు ఉంటే రక్తంలో జిగురు పెరిగి, కణాలు పళ్ళాల దొంతరలా ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి గబగబా జారిపోతాయి. వాపు ఎక్కడో గొట్టం చెప్పదు, ఉందని మాత్రం చెబుతుంది. పక్క గదిలోని పెద్ద యంత్రం నిమిషాల మీద ముప్పై పరీక్షలు చేసి కాగితం కక్కుతుంది, ఈ గొట్టాన్ని మాత్రం ఎవరూ తొందరపెట్టలేరు. రిపోర్టు ఎప్పుడిస్తారని కౌంటరు దగ్గర అడిగినవాళ్ళందరికీ గంట పడుతుంది, గంట పడుతుంది అని చెప్పీ చెప్పీ ఆమెకు గంటమ్మ అని పేరు పడిపోయింది. మొదట్లో ఉడుక్కునేది. ఒకరోజు సూపరింటెండెంటు కూడా ఫోను చేసి గంటమ్మగారున్నారా అని అడిగాక ఇక ఉడుక్కుని లాభం లేదని వదిలేసింది.

మొదటి పది నిమిషాల్లో గొట్టం పెద్దగా ఏమీ బయటపెట్టదు. సున్నా గీత కింద దారపు పోగంత పసుపు తేలుతుంది, అంతే. ఆమె స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎనిమిది నెలలుగా పొద్దున లేచేసరికి ఈ వేళ్ళు తనవి కానట్టుంటున్నాయి. పిడికిలి పడదు, బ్రష్షు పట్టు చిక్కదు, గుండీ కాజాలోకి దూరదు. గంటన్నర గడిచేసరికి ఏమీ ఎరగనట్టు మామూలైపోతాయి, మామూలైపోయినదాన్ని మర్చిపోవడం తేలిక. చలి వల్ల అనుకుంది, చలికాలం వెళ్ళిపోయింది. చెయ్యి కింద పెట్టుకుని పడుకోవడం వల్ల అనుకుంది, పడుకునే తీరు మార్చింది. భర్త తెల్లారకముందే షిఫ్టుకి వెళ్ళిపోతాడు కాబట్టి చూసేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళూ లేరు. కానీ ఈ బిగుసుకుపోవడం ఆమెకు కొత్త సంగతి కాదు, దీన్ని ఇంతకుముందు ఇంకొకరి చేతుల మీద చూసింది. స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, నీళ్ళలో మణికట్టు దాకా ముంచిన రెండు చేతులు, ఆ చేతుల తాలూకు మనిషి గిన్నెలోకి చూస్తూ, పిలిచినా పలక్కుండా కూర్చోవడం. అక్క.

అక్క ఐదేళ్ళు పెద్దది. టైపు నేర్పేది. రెండు గదులు, పధ్నాలుగు మిషన్లు, పొద్దున ఆరింటికి మొదటి బ్యాచి. వరండాలో నిలబడి కళ్ళు మూసుకుని వింటూనే, రెండో వరుసలో చివరి మిషను, ఉంగరపు వేలు బద్ధకిస్తోంది అని కేకేసేది. మిషన్లు బాగుచేయడానికి వచ్చినవాడే బావ. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు, తర్వాత వారానికోసారి, ఇన్ని మిషన్లు ఇంత తరచుగా ఎందుకు చెడిపోతున్నాయా అని నాన్నకు అనుమానం వచ్చేలోపే అన్నీ మాట్లాడేసుకున్నారు. అప్పట్లో అక్క వేళ్ళు సన్నగా, పొడుగ్గా, గణుపులు లేనట్టే ఉండేవి. తర్వాత టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు, మిషన్లు ఒకటొకటిగా తుక్కులోకి పోయాయి, అక్క ఒక ఆఫీసులో తాత్కాలికపు టైపిస్టుగా చేరింది. ఏటేటా ఇంకో ఏడాది అంటూ ఎనిమిదేళ్ళు అలా గడిపింది. పొద్దున లేచి చేతులు నీళ్ళలో పెట్టుకోవడం ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. అలవాటు అన్నారు ఇంట్లో. అంతకుముందు పండుగలా గడిచే ఆదివారం పొద్దుటి పనులు కూడా మధ్యాహ్నానికి జరుపుకుంటుంటే, ఒళ్ళు బరువెక్కింది అన్నారు. అన్నవాళ్ళలో తనూ ఉంది.

తలుపు తోసుకుని బావ లోపలికి వచ్చాడు. మూడు నెలలకోసారి షుగరు పరీక్షకి వస్తాడు, పరగడుపున ఒకటి ఇచ్చి, తిని, తిన్న రెండు గంటల తర్వాత రెండోది ఇవ్వాలి. ఆ మధ్య టైములో బయట బెంచీ మీద ఎందుకని ఆమె లోపల కూర్చోబెడుతుంది. అక్క పోయి రెండేళ్ళయినా ఒక్క తారీఖు తప్పలేదు ఆయన. సంచి ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు చేయకుండా, రిపేరు కోసం విప్పిపెట్టిన యంత్రం ముందు కూర్చున్నట్టు కూర్చుంటాడు. తిన్నారా అని అడిగింది. తిన్నానన్నాడు. రెండో సూదికి పది ఇరవై దాకా ఉందని ఇద్దరికీ తెలుసు, అయినా ఆమె చెప్పింది, ఆయన తలూపాడు. గొట్టం వైపు ఆయన చూడలేదు. అందులో పసుపు అప్పటికే వేలి గోరంత దిగింది. తొమ్మిదీ ఇరవై ఐదు. ఇది తొందరగానే దిగుతోంది. తొందర, నెమ్మది అన్నవి గంట నిండాక తేలాల్సిన సంగతులు, మధ్యలో తొంగిచూడకూడదని ఆమే అందరికీ చెబుతుంది, మధ్యలో తొంగిచూడని టెక్నీషియన్ను ఆమె ఇంతవరకూ చూడలేదు.

చదువుకునే రోజుల్లో పాథాలజీ చెప్పిన ముసలి డాక్టరు బోర్డు మీద నాలుగు మాటలు రాశాడు. ఎరుపు, వేడి, వాపు, నొప్పి. ముల్లు గుచ్చుకుంటే ఈ నాలుగూ వస్తాయి, వచ్చినట్టే పోతాయి, ఇది మంచి వాపు, ఒళ్ళు కాపలా కాస్తోందని అర్థం అన్నాడు. తర్వాత నాలుగింటినీ చెరిపేసి, ఖాళీ బోర్డు చూపించి, రెండో రకం ఇది అన్నాడు. ఎరుపు ఉండదు, వేడి తెలియదు, ఉన్నట్టే ఉండదు. దొంగ ఎప్పుడో వెళ్ళిపోయినా కాపలావాడు చీకట్లో కర్ర తిప్పుతూనే ఉంటాడు, తగిలేది ఇంట్లో సామాన్లకే. ఒకరి ఇంట్లో కీళ్ళకు తగులుతుంది, ఇంకొకరికి రక్తనాళాల గోడలకు, ఇంకొకరికి చిగుళ్ళకు, మెదడుకు. వయసు మీద పడటం అని మనం అనేదాంట్లో చాలా భాగం ఈ సన్నటి సెగే అన్నాడు. బోర్డు మీద ఏమీ లేకపోవడంతో క్లాసులో ఎవరూ ఏమీ రాసుకోలేదు. తనూ రాసుకోలేదు, అయినా గుర్తుంది. తర్వాత బల్ల మీదికి వచ్చిన కాగితాల మీద జబ్బుల పేర్లు వేరువేరుగా ఉండేవి, షుగరు, గుండె, మతిమరుపు, మోకాళ్ళు, పంపిన డాక్టర్లు కూడా వేరువేరు అంతస్తుల్లో కూర్చునేవాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కారు. స్టాండులో మాత్రం పన్నెండు గొట్టాలు పక్కపక్కనే నిలబడి, ఒకే తీరుగా దిగేవి. ఇంకో విడ్డూరం, వయసు పెరిగేకొద్దీ నార్మల్ అంకె కూడా పెరుగుతుంది. ఆడవాళ్ళకైతే వయసుకి పది కలిపి సగం చేయాలి. ఇరవై ఏళ్ళ పిల్లకు పదిహేను దాటితే డాక్టరుకి ఫోను చేస్తారు, డెబ్బై ఏళ్ళావిడకు నలభై వచ్చినా వయసుకి మామూలే అంటారు. ఇంత సెగ దాకా పరవాలేదని ఎవరు ఒప్పుకున్నారో, ఎవరి తరఫున ఒప్పుకున్నారో తెలియదు. తనకి యాభై ఎనిమిది. అంటే ముప్పై నాలుగు దాకా మాఫీ. అక్కకి అప్పుడు నలభై ఆరు. ఇరవై ఎనిమిది.

ఇరవై ఎనిమిది లోపల రావాలి. అక్క అడిగింది అంకె కాదు, అక్కకు అంకెలు తెలియవు. తాత్కాలికం వాళ్ళను పర్మనెంటు చేస్తున్నారు, వైద్యపరీక్షలో నెగ్గాలి, క్షయ లాంటిది ఉందేమోనని ఈ గొట్టం పరీక్ష కూడా ఆ జాబితాలో పెట్టారు. పదిహేడేళ్ళ కిందటి మాట, ఇదే గది, కిటికీకి అప్పుడు ఆకుపచ్చ రంగు ఉండేది. రక్తం తీస్తున్నప్పుడు అక్క మొహం పక్కకు తిప్పుకుని, చిన్నదానా, అని పిలిచింది. ముప్పై దాటినా, నలభై దాటినా అదే పిలుపు.

"ఎంతొచ్చిందో నాకు చెప్పొద్దే. బాగుందని రాయి. ఎనిమిదేళ్ళు ఆగాను."

గంట తర్వాత యాభై ఎనిమిది వచ్చింది. స్టాండు కాలు కింద అట్టముక్క జారిపోయి గొట్టం కొంచెం వాలిందేమోనని అనుకుంది. వాలితే కణాలు గోడ వెంట జారి తొందరగా దిగుతాయి, మూడు డిగ్రీలు వాలినా అంకె మూడోవంతు దాకా పెరుగుతుంది, పుస్తకంలో ఉంది. అట్టముక్క కొంచెం జరిగి ఉన్న మాట నిజమే. మాట నిజమవడం చాలనిపించింది. ఇరవై ఆరు అని రాసింది. ఇరవై ఎనిమిది రాస్తే మరీ గీత మీద ఉన్నట్టు కనిపిస్తుందని రెండు తగ్గించింది, ఆ తెలివి కూడా గుర్తుంది. అక్కకు ఉద్యోగం ఖాయమైంది, కొత్త కుర్చీ, ఫ్యాను కింద సీటు, సెలవులు, అందరూ సంతోషించారు, తనూ సంతోషించింది, ఆ సంతోషంలో దొంగతనమేమీ లేదు. కాకపోతే ఒంట్లో సెగ ఉందని చెప్పగలిగిన కాగితం ఒకటే ఒకటి, అది ఏమీ లేదని చెబుతూ ఫైల్లో పడి ఉంది. తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా అక్క ఆ కాగితం నకలు చూపించేది, చూడండి, అన్నీ బాగున్నాయి అని. డాక్టర్లు నొప్పి మాత్రలు రాసేవాళ్ళు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తే పళ్ళ డాక్టరు బ్రష్షు మార్చమన్నాడు. యాభై మూడుకి షుగరు వచ్చింది. యాభై ఐదుకి, వేళ్ళు పక్కకు ఒరిగాక, రెండో అంతస్తు కీళ్ళ డాక్టరు మళ్ళీ ఈ గొట్టం పరీక్ష రాశాడు, మళ్ళీ తనే పెట్టింది, అట్టముక్క సరిచూసుకుని మరీ పెట్టింది. తొంభై రెండు. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని డాక్టరు అడిగితే అక్క, ఈమధ్యేనండీ, అంది. అంటూ చెల్లెలి వైపు చూసింది. అడగడానికి చూడలేదు, కాపాడటానికి చూసింది, అలా చూడకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. అరవై ఒకటికి గుండె ఆగింది. కీళ్ళ సెగ కీళ్ళ దగ్గరే ఉండిపోదని, ఏళ్ళ తరబడి నాళాల గోడలను లోపల్నుంచి కందిస్తుందని, ఆ రోజు కీళ్ళ డాక్టరు కారిడార్లో నిలబడి బావకు చెప్పాడు. బావ ఎవరో దారి చెబుతుంటే విన్నట్టు విన్నాడు.

కౌంటరులో ఎవరో సీసా పెట్టి వెళ్ళారు. ఆమె లేచి అందుకుని మూత తీయబోయింది. మూత గట్టిగా ఉంది. వేళ్ళతో తిప్పలేక, సీసాను పొట్టకు ఆనించి, అరచెయ్యి మూత మీద అదిమి, మోచెయ్యి మొత్తం తిప్పింది. వచ్చింది. పని అయిపోయాక వెనక్కి చూస్తే బావ చూస్తున్నాడు. మిషను చప్పుడు విని ఏ అక్షరం కర్ర వంగిందో చెప్పగలిగిన మనిషి, ఆయన కంటికి చెయ్యి కదిలే తీరు చాలు.

"నీకూ మొదలైందా?"

ఏమిటి అని అడగలేదు. ఎనిమిది నెలలైందని చెప్పింది. స్టాండులో మూడో గొట్టం తనదేనని కూడా చెప్పింది. అప్పుడు ఆయన గొట్టం వైపు చూశాడు. పసుపు రెండు వేళ్ళ వెడల్పు దాటింది. తొమ్మిది నలభై ఎనిమిది. మీ అక్క మూతలు ఇలాగే తీసేది, అన్నాడు, గిన్నెలు తోమేటప్పుడు కూడా అరచేత్తోనే పట్టుకునేది, పర్మనెంటయ్యే ముందు నుంచే, నాకు బాగా గుర్తు, ఎందుకంటే అప్పుడు నేనే అనేవాణ్ణి, అంత నాజూకు పనికిరాదని. తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు, కానీ అప్పుడు పరీక్షలో ఏమీ లేదుగా, అన్నాడు.

పదిహేడేళ్ళలో ఈ మాట ఎన్నో నోళ్ళ నుంచి విన్నది. పెళ్ళిళ్ళలో, ఆసుపత్రి మెట్ల మీద, అక్క పోయిన మర్నాడు బంధువుల మధ్య, అప్పుడు పరీక్షలో ఏమీ లేదుగా, పాపం ఎలా తెలుస్తుంది. ప్రతిసారీ తలూపింది. తలూపడం కష్టమేమీ కాదు. ఇప్పుడు కూడా మెడ దానంతటదే వంగబోయింది. గొట్టం నిటారుగా నిలబడి ఉంది, కొత్త స్టాండు, నీటిమట్టం చూసి బిగించింది, కాలు కింద అట్టముక్క లేదు, వాలే వీలు లేదు.

"ఉంది బావగారూ. యాభై ఎనిమిది వచ్చింది. నేను ఇరవై ఆరు రాశాను."

ఆయన సంచి పట్టీని ఒకసారి చుట్టి, విప్పాడు. అది ఎక్కువో తక్కువో అడిగాడు. ఇరవై ఎనిమిది దాటకూడదని, రెట్టింపు కంటే ఎక్కువని చెప్పింది. అక్క అడిగిందని చెప్పలేదు. చెబితే సగం బరువు అక్క మీదికి పోతుంది, అక్క ఇప్పుడు మోయలేదు. గొట్టం కొంచెం వాలిందేమో అనుకున్నానని మాత్రం చెప్పింది, చెబుతుండగానే ఆ మాట ఎంత అరిగిపోయిందో తన చెవికే వినిపించింది.

"వాలిందనుకుంటే మళ్ళీ పెట్టి చూడొచ్చుగా?"

"చూడొచ్చు."

"ఎందుకు చూడలేదు?"

ఈ ప్రశ్న దాకా ఎవరూ రాలేదు, తనూ రాలేదు. వచ్చేముందే మలుపు తిరిగిపోయేది.

"మళ్ళీ అంతే వస్తుందని తెలుసు కాబట్టి."

పక్క గదిలో యంత్రం కాగితం కక్కుతున్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. అప్పుడే తెలిసుంటే బతికేదా అని ఆయన నెమ్మదిగా అడిగాడు. ఆమె రిపోర్టు చదివినట్టే చెప్పింది, ఇంకోలా చెప్పడం చేతకాలేదు. మాత్రలు తొమ్మిదేళ్ళు ముందు పడేవి. వేళ్ళు అంత వంకర పోయేవి కావు. గుండె సంగతి ఎవరూ ఖాయంగా చెప్పలేరు, ప్రమాదం తగ్గేది, ఎంత తగ్గేదో తెలియదు. ఆయన విన్నాడు. లేచాడు. సంచి భుజాన వేసుకుని, స్టూలును బల్ల కిందికి జరిపి, తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు. గట్టిగా వేసి ఉంటే బాగుండేది.

పదీ పదికి ఇంకా పద్ధెనిమిది నిమిషాలుంది. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. బదులుగా లెక్కలు వచ్చాయి. ఇంతకాలం తను బాధపడింది అక్క పోయినందుకా, దొరికిపోతానేమోననా, రెండింటినీ వేరుచేసి చూడాలంటే ఏ గొట్టంలో పోయాలి, ఎంతసేపు నిలబెట్టాలి. బావ ఇంటికి వెళ్ళి ఉంటాడు. అక్క ఫోటో ముందు కూర్చుంటాడో, పాత మిషన్లున్న గదిలోకి వెళ్తాడో. రెండో సూది సంగతి మర్చిపోయాడు, ఈ మూడు నెలల లెక్క తప్పిపోతుంది. భర్తకు సాయంత్రం చెప్పాలి, ఏది ముందు చెప్పాలో, వేళ్ళ సంగతా, అంకె సంగతా. కౌంటరు దగ్గర ఒక ముసలాయన వచ్చి ఎంతసేపు పడుతుందమ్మా అని అడిగాడు. చెప్పింది. ఆయన వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు, చెప్పినంతసేపూ కూర్చునే రకం మనిషి. ఈ బెంచీల మీద ఎందరు కూర్చుని ఉంటారు, తను రాసిన అంకెను నమ్మి లేచి వెళ్ళినవాళ్ళు. ఆ ఒక్కటి తప్ప తను ఒక్క అంకె కూడా మార్చలేదు. ఆ మాట ఎవరితోనైనా అంటే బాగుంటుందా, బాగుండదు.

పదీ పది అయింది. కళ్ళజోడు పెట్టుకుని, గీతకు కళ్ళను సమానంగా ఉంచడానికి మోకాళ్ళు వంచి, ఎర్రటి అంచు దగ్గర చదివింది. అరవై నాలుగు. నిలబడి, మళ్ళీ వంగి చదివింది. అరవై నాలుగే. మరో గొట్టంలో మిగిలిన రక్తం పోసి పెట్టొచ్చు, ఇంకో గంట దొరుకుతుంది. చేయి అటు వెళ్ళనే లేదు. రిపోర్టు కాగితం తీసి, పేరు, వయసు, అరవై నాలుగు, సంతకం. డ్యూటీలో ఉన్న రెండో టెక్నీషియన్ను పిలిచి, గొట్టం చదవమని, పక్కన ఆవిడ సంతకం కూడా తీసుకుంది. ఆవిడ అంకె చూసి, పేరు చూసి, మళ్ళీ అంకె చూసింది. ఆమె అరగంటలో వస్తానని చెప్పి మెట్లెక్కింది. రెండో అంతస్తు కారిడారు పొడుగునా కుర్చీలు, కుర్చీల నిండా మోకాళ్ళు పట్టుకుని, మణికట్లు రుద్దుకుంటూ జనం. వాళ్ళలో చివరి వరుస మొదటి కుర్చీలో, అక్కతో వచ్చినప్పుడు ఎప్పుడూ కూర్చునే చోట, బావ కూర్చుని ఉన్నాడు.

చేతిలో చీటీ ఉంది.

"పదిహేడో నంబరు. ఇప్పుడు తొమ్మిది నడుస్తోంది."

ఆమె దగ్గరికి వెళ్ళింది. పక్క కుర్చీలో ఆయన సంచి ఉంది, తీయలేదు. దాని అవతలి కుర్చీలో కూర్చుంది. ఇంటికి వెళ్ళిపోయారనుకున్నానంది. వెళ్దామనే గేటు దాకా వెళ్ళానన్నాడు. ఎదుటి గోడ మీద వెన్నెముక బొమ్మ ఉంది, ఇద్దరూ దాన్నే చూశారు. మెడ దగ్గర్నుంచి కిందిదాకా ఒక్కో పూసకు ఒక్కో నంబరు.

"నీతో మాట్లాడదామని రాలేదు," అన్నాడు బావ. "ఇప్పట్లో మాట్లాడతానని కూడా అనుకోకు. లోపలికెళ్ళి డాక్టరుకి ఏమీ లేదని చెప్పొస్తావేమోనని వచ్చాను."

ఆమె రిపోర్టు కాగితం అందించింది. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి తగిలించుకుని, పేరు నుంచి సంతకాల దాకా ప్రతి గడీ వరుసగా చదివాడు. అరవై నాలుగు దగ్గర వేలు ఆపాడు. మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, జేబు గుండీ పెట్టుకున్నాడు. ఆమె తిరిగి ఇమ్మని అడగలేదు. లోపల్నుంచి పదో నంబరును పిలిచారు.